నాన్నగారికి మనిషిని పెట్టేముందు: రాత్రి రెండు గంటలకు మేలుకునేదెవరు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. నాన్నగారికి 76 ఏళ్లు. పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వచ్చే వారం ఆసుపత్రి నుంచి హైదరాబాద్‌లోని ఇంటికి పంపిస్తున్నారు. అమ్మగారికి 70, మోకాళ్ల నొప్పులు. మీరు డల్లాస్‌లో, చెల్లెలు బెంగళూరులో ఉంటారు. ఒక ఏజెన్సీ వాళ్లు "24 గంటల కేర్‌టేకర్‌ని ఇస్తాం, అన్నీ ఆయనే చూసుకుంటాడు" అంటున్నారు. దానికి ఒప్పుకోవచ్చా, తెలిసినవాళ్ల ద్వారా ఎవరినైనా వెతుక్కోవాలా అని మీ సందేహం.

ఏజెన్సీయా, తెలిసినవాళ్లా అన్నది తర్వాత చూద్దాం. ముందు తేలాల్సింది మీ ఇంట్లో రాత్రి రెండు గంటలకు ఎవరు మేలుకుని ఉంటారన్నది. 24 గంటల మనిషి అంటే రోజంతా ఇంట్లో ఉండే మనిషి, అంతే. రోజంతా మేలుకుని ఉండే మనిషి ఎక్కడా దొరకడు. తనంతట తాను ఒత్తిగిల్లలేని రోగిని మామూలుగా రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి. రాత్రి పదికి పడుకోబెట్టారనుకోండి. పన్నెండుకి, రెండుకి, నాలుగుకి లేవాలి. మధ్యలో మూత్రానికో, డైపర్ మార్చడానికో ఇంకోసారి. పగలంతా ఎత్తి దించి, స్నానం చేయించి, తినిపించిన మనిషి రాత్రి కూడా నాలుగుసార్లు లేవాలంటే మొదటి వారం లేస్తాడు. రెండో వారం ఒకటి తప్పుతుంది. ఆ తర్వాత నాన్నగారి నడుం కింద పడకపుండు మొదలయ్యే ఎర్రమచ్చ కనబడుతుంది, లేదా ఒక పొద్దున ఆ మనిషే కనబడడు. అప్పుడు అందరూ "మంచి మనుషులు దొరకడం లేదు" అంటారు. చాలా ఇళ్లలో మనిషి మంచివాడే, లెక్కే మొదటినుంచీ తప్పు.

కాబట్టి డిశ్చార్జికి ముందు డాక్టరునీ, ఫిజియోథెరపిస్టునూ నాలుగు మాటలు అడిగి రాసుకోండి. తనంతట తాను ఒత్తిగిల్లగలరా? ఆసరా లేకుండా మంచం అంచున కూర్చోగలరా? మింగడంలో ఇబ్బంది ఉందా, ఉంటే ఆహారం ఎంత చిక్కగా ఉండాలి? యూరిన్ పైపు, ముక్కులోంచి కడుపులోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబు ఉంటాయా? ఆ తర్వాత ఒక తెల్లకాగితం మీద పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా గంటగంటకీ ఏ పని ఉంటుందో, దానికి ఒక్కరు చాలో ఇద్దరు కావాలో రాయండి. మీరు పెట్టుకోవాల్సిన మనిషి ఎవరో ఆ కాగితమే చెబుతుంది.

ఒత్తిగిల్లలేకపోతే 12 గంటల షిఫ్టులకు ఇద్దరు కావాలి. తనే తిరగగలిగి, రాత్రి ఒక్కసారి మూత్రానికి సాయం చాలంటే 24 గంటల మనిషి ఒక్కరు సరిపోతారు. అయితే రాత్రి ఆరేడు గంటల నిద్ర, మధ్యాహ్నం రెండు గంటల విశ్రాంతి, వారానికో సెలవు ముందే మాట్లాడుకోవాలి. ఇద్దరు కావాలి గానీ డబ్బు ఒక్కరికే ఉందంటే బరువైన గంటలను విడదీయండి. పొద్దున స్నానం, బట్టలు, కుర్చీలోకి మార్చడం జరిగే రెండు గంటలకు మరొకరిని పెట్టండి. 24 గంటలు ఉండే మనిషికి మధ్యాహ్నం మూడు గంటల నిద్ర కేటాయించి, ఆ సమయంలో అమ్మగారు పక్కన కూర్చుంటే చాలు. ఎయిర్ బెడ్, అంటే గాలి నింపే పరుపు, వేసుకుంటే రాత్రి పక్క మార్చే వ్యవధి పెంచవచ్చేమో డాక్టరునే అడగండి, మీ అంతట మీరు పెంచవద్దు. ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానేసిన ఇళ్లలోనూ పుండ్లు పడతాయి. దాని మీద బొంత, రబ్బరు షీటు, మడతల దుప్పటి ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ పరుపు పని చేయనట్టే. పల్చటి నూలు దుప్పటి ఒక్కటి చాలు.

ఇక ఎవరు ఏ పని చేయాలి? ఏజెన్సీల వాళ్లు కేర్‌టేకర్, అటెండర్, నర్సు అన్న మాటలను కలిపి వాడేస్తారు. స్నానం, తినిపించడం, డైపర్, నడిపించడం, పక్క మార్చడం, మాత్రలు వేళకు గుర్తుచేసి అందించడం అటెండెంటు పని. ఈ పనికే జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ అని శిక్షణ కోర్సులు ఉన్నాయి, చేశారేమో అడిగి సర్టిఫికెట్ చూడండి. ఇంజెక్షన్, సెలైన్, యూరిన్ పైపు వేయడం, రైల్స్ ట్యూబు మార్చడం, లోతైన పుండుకు డ్రెస్సింగ్ ఇవన్నీ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరైన నర్సు పని. "అవి కూడా నేనే చేసేస్తానండీ" అని ఉత్సాహంగా చెప్పే అటెండెంటును చూసి సంతోషించకండి. యూరిన్ బ్యాగు ఖాళీ చేయడం, దాన్ని మూత్రాశయం కంటే కిందుగా, నేలకు తగలకుండా వేలాడదీయడం మాత్రం అటెండెంటుకు తెలిసి ఉండాలి.

నాన్నగారికి మగ మనిషినే పెట్టండి. ఒళ్లు బరువు ఒక కారణం, సిగ్గు ఇంకో కారణం. పరాయి ఆడమనిషి చేత స్నానం చేయించుకోవడం ఇష్టంలేక నీళ్లు తాగడం తగ్గించేసే పెద్దవాళ్లు ఉంటారు, దానివల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం వస్తాయి. అమ్మగారు ఒక్కరే ఉన్న ఇంట్లోకి మగ మనిషి వస్తున్నాడు కాబట్టి ఆయన పడక నాన్నగారి గదిలోనే ఉండాలి. అమ్మగారి గదికి లోపల గడియ సరిగా పడుతోందో లేదో ముందే చూసుకోండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. మీరిద్దరూ ఊళ్లో లేరు, అందుకని ఏజెన్సీ మేలు. కారణం ఒక్కటే, మనిషి రానిరోజు ఇంకొకరిని పంపే బాధ్యత వాళ్ల మీద ఉంటుంది. ఆ బాధ్యత కాగితం మీద లేకపోతే మీరు కట్టే కమిషన్‌కు అర్థం లేదు. అందుకని ఎన్ని గంటల్లో మారుమనిషిని పంపుతారో, పంపని రోజుకు డబ్బు తగ్గిస్తారో లేదో రాయించుకోండి. నెలకు మీరిచ్చేదాంట్లో ఆ మనిషి చేతికి ఎంత వెళుతుందో నిర్మొహమాటంగా అడగండి. బాగా తక్కువ వెళుతుంటే ఆయన నిలవడు. వారానికో పదిహేను రోజులకో సూపర్‌వైజరు వచ్చి చూస్తారా అన్నది కూడా అడగాల్సిందే. నచ్చిన మనిషిని తర్వాత నేరుగా పెట్టుకోకూడదని చాలా ఒప్పందాల్లో ఒక షరతు ఉంటుంది, అది చదవకుండా సంతకం పెట్టవద్దు. రెండు మూడు నెలల డబ్బు ముందే కట్టమంటే వద్దనండి. తెలిసినవాళ్ల ద్వారా వచ్చే మనిషికి నమ్మకం ఎక్కువ, ఖర్చు తక్కువ, కానీ ఆయనకు జ్వరమొస్తే ఆరోజు నాన్నగారిని ఎత్తేది ఎవరన్నదానికి జవాబు ఉండదు. చెల్లెలు హైదరాబాద్‌లోనే ఉండి ఉంటే నా సలహా వేరుగా ఉండేది.

ఎవరి ద్వారా వచ్చినా ఆధార్ నకలు, సొంత ఊరి చిరునామా, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు తీసుకుని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో వెరిఫికేషన్‌కు ఇవ్వండి. ఇంతకుముందు పనిచేసిన రెండిళ్లకు ఫోన్ చేయండి. "మంచివాడేనా" అని అడిగితే అందరూ అవుననే అంటారు. "ఎందుకు మానేశాడు? రాత్రిళ్లు పిలిస్తే ఎన్నో పిలుపుకు లేచేవాడు? మీ పేషెంటు బరువెంత?" అని అడగండి.

ఇంటర్వ్యూలో మాటల కంటే చేతలు చూడాలి. ఒక్క పని చేయించండి: మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మార్చడం. నాన్నగారు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు కాబట్టి ఫిజియోథెరపిస్టు ఎదురుగా చేయిస్తే ఇంకా మంచిది. పని తెలిసినవాడు ముందు "అయ్యగారూ, ఇప్పుడు కుర్చీలో కూర్చుందాం" అని చెప్పి గానీ ఒంటి మీద చెయ్యి వేయడు. కుర్చీని బాగున్న వైపు, అంటే నాన్నగారి ఎడమ పక్కకు తెచ్చి పెడతాడు. రెండు చక్రాల బ్రేకులూ వేసి, కాళ్లు పెట్టుకునే పలకలు పక్కకు మడుస్తాడు. మంచం అంచున కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, ఒకటి రెండు నిమిషాలు ఆగుతాడు. చాలాసేపు పడుకున్నవాళ్లకు లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, అందుకు. తర్వాత నాన్నగారి నడుముకు కట్టిన పట్టీ పట్టుకుని, తన మోకాలిని నాన్నగారి కుడి మోకాలికి అడ్డుపెట్టి, ముందుకు వంచి, లెక్కపెట్టి లేపి, ఎడమ కాలి మీద తిప్పి కూర్చోబెడతాడు.

తెలియనివాడు రెండు చంకల్లో చేతులు వేసి ఎత్తుతాడు, లేదా కుడి చెయ్యి పట్టి లాగుతాడు. పక్షవాతం వచ్చిన భుజాన్ని పట్టి ఉంచే కండరాలకు బలం ఉండదు, లాగితే కీలు జారుతుంది. ఆ నొప్పి నెలల తరబడి ఉండి, ఫిజియోథెరపీని కూడా ఆపేస్తుంది. "నా మెడ పట్టుకోండి" అనడం కూడా తప్పే, జారితే ఇద్దరూ పడతారు. చొక్కా తొడిగేటప్పుడు కుడి చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు కుడి చెయ్యి చివర తీయాలి. ఇది కూడా గమనించండి. ఈ రెండూ వచ్చినవాడికి మిగతావి నేర్పుకోవచ్చు.

మంచం సంగతి. ఇంట్లో ఉన్న కిందిమట్టపు మంచం మీద ఈ పనులన్నీ చేస్తే నెల తిరిగేసరికి చేసేవాడి నడుం పోతుంది. తలవైపు లేచే ఆసుపత్రి మంచం హైదరాబాద్‌లో అద్దెకు దొరుకుతుంది. బ్రేకులున్న చక్రాల కుర్చీ, కమోడ్ కుర్చీ, నడుం పట్టీ కూడా కావాలి. వీటితోపాటు ఒక పాత నూలు దుప్పటిని మడిచి, భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా ఒంటి కింద పరవండి. నాన్నగారు మంచంలో కిందికి జారిపోయినప్పుడు ఆ దుప్పటిని రెండు వైపులా ఇద్దరు పట్టుకుని ఎత్తి పైకి జరపాలి. ఒళ్లు పట్టి ఈడిస్తే పైచర్మం పరుపుకు అంటుకుని లోపలి కండ కదిలిపోతుంది, చాలా పడకపుండ్లు అక్కడే పుడతాయి.

ఆ పుండ్ల గురించి ఇంకొంచెం. రోజూ స్నానం వేళ మంచి వెలుతురులో నడుం కింద పిరుదుల మధ్య ఎముక, రెండు తుంటి ఎముకలు, మడమలు, చీలమండలు, మోచేతులు, చెవుల వెనక చూడాలి. ఎర్రగా కనబడినచోట వేలితో కొన్ని క్షణాలు నొక్కి వదిలేయాలి. వదలగానే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫరవాలేదు, ఆ వైపు కాసేపు పడుకోబెట్టకుండా ఉంటే తగ్గుతుంది. నొక్కినా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడకపోవచ్చు, చుట్టుపక్కల కంటే వెచ్చగా, గట్టిగా ఉందేమో చేత్తో తడిమి చూడాలి. అక్కడ నూనె రాసి మర్దనా చేయడం మన ఇళ్లలో అలవాటు, ప్రేమతోనే చేస్తారు, కానీ దెబ్బతిన్న కండ ఇంకా దెబ్బతింటుంది. పౌడరు కూడా వద్దు. మడమలకు గుండ్రటి రింగులు పెట్టడం కంటే పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో తేలేలా ఉంచండి. పక్కకు తిప్పినప్పుడు పూర్తిగా తుంటి మీద కాకుండా వీపు వెనక దిండు ఆనించి ఏటవాలుగా, 30 డిగ్రీల వరకు వంచితే చాలు.

తినిపించడంలో జరిగే పొరపాటు ఇంతకంటే ప్రమాదం. పక్షవాతం తర్వాత మింగే కండరాలు కూడా బలహీనపడవచ్చు. పడుకోబెట్టి గానీ, దిండుకు జారగిలబెట్టి గానీ తినిపించకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, బాగున్న ఎడమ వైపు పెట్టి, మింగారని చూశాకే రెండో చెంచా. గడ్డం కాస్త కిందికి వంచమని చాలామందికి చెబుతారు, నాన్నగారికి అది సరిపోతుందో లేదో థెరపిస్టును అడగండి. కుడి బుగ్గలో మెతుకులు మిగిలిపోతాయి, తినడం అయ్యాక వేలికి గుడ్డ చుట్టి తీసేయాలి. తర్వాత అరగంట కూర్చునే ఉండాలి. "పల్చగా ఉంటే తేలిగ్గా దిగుతుంది" అని చారన్నం, మజ్జిగ పోస్తుంటారు. మింగడం కష్టమైనవాళ్లకు పల్చటి నీళ్లే ముందు పొలమారుస్తాయి. మెతుకులూ నీళ్లూ కలిసిన చారన్నం, సాంబారులో నానిన ఇడ్లీ ఇంకా కష్టం, ఎందుకంటే నీళ్లు ముందే గొంతులోకి జారిపోతాయి, మెతుకు నోట్లోనే ఉంటుంది. మెత్తగా మెదిపిన పెరుగన్నం, చిక్కటి రాగి జావ లాంటివి చాలామందికి నయం. తిన్నాక గొంతు తడిగా, గరగరలాడుతున్నట్టు వినబడినా, ప్రతి ముద్దకీ దగ్గు వస్తున్నా ఆపేసి డాక్టరుకు చెప్పాలి. దగ్గు లేకుండానే ఊపిరితిత్తుల్లోకి పోయేవాళ్లూ ఉంటారు కాబట్టి కారణం తెలియని జ్వరం వస్తే దీన్ని అనుమానించండి.

మీరు దూరంగా ఉన్నారు గనక ఒక పొడుగు నోటుపుస్తకం ఇంట్లో ఉండాలి. టైము, ఏం తిన్నారు, ఎన్ని గ్లాసుల నీళ్లు, మూత్రం, విరేచనం, ఏ పక్కకు తిప్పారు, బీపీ, షుగరు. రాత్రి తొమ్మిదికి ఆ పేజీ ఫొటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టమనండి. చదివేటప్పుడు అంకెల కంటే ముందు రాతను చూడండి. రాత్రి పన్నెండు, రెండు, నాలుగు గంటల రాతలు ఒకే ఊపులో, ఒకే వాలుతో ఉంటే పొద్దున లేచి పూరించినవే. అప్పుడు కేకలేయకండి. నిద్ర చాలడం లేదేమో అడగండి, ఎందుకంటే చాలాసార్లు కారణం అదే.

డల్లాస్‌లో ఉండడం వల్ల మీకో సౌకర్యం ఉంది. హైదరాబాద్‌లో రాత్రి రెండయితే మీకు చలికాలంలో మధ్యాహ్నం రెండున్నర, వేసవిలో మూడున్నర. వారానికి రెండు రోజులు ఆ వేళకు "ఇప్పుడు ఏ పక్కకు తిప్పారు" అని ఒక మెసేజ్ పెట్టండి, ఫోన్ మోగిస్తే నాన్నగారి నిద్ర పోతుంది. కెమెరా పెట్టదలిస్తే ఆ మనిషికి చెప్పి పెట్టండి, స్నానం, బట్టలు మార్చే చోటు కనబడకుండా తిప్పండి. నాన్నగారిని కూడా అడగండి. మాట పడిపోయినా ఆయనకు ఇష్టానిష్టాలు ఉన్నాయి.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. బంగారం, చెక్కు పుస్తకం బ్యాంకు లాకర్‌లోకి వెళ్లాలి. ఏటీఎం పిన్, యూపీఐ పిన్ ఎవరికీ చెప్పవద్దని అమ్మగారికి చెప్పండి, మందుల దుకాణానికి మీరే ఆన్‌లైన్‌లో కట్టండి. మాత్రలు వారం డబ్బాలో అమ్మగారో, వచ్చి చూసే నర్సో సర్దాలి, అటెండెంటు అందులోంచి అందించడం వరకే. నాన్నగారి చేత ఏ కాగితం మీదా వేలిముద్ర వేయించకూడదన్నది ఇంటి నియమంగా పెట్టుకోండి. ఎవరైనా కసురుకున్నా, చెయ్యి చేసుకున్నా, డబ్బు కోసం ఒత్తిడి పెట్టినా అమ్మగారు వయోవృద్ధుల ఉచిత హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయవచ్చు. ఫ్రిజ్ తలుపు మీద 108, దగ్గరి ఆసుపత్రి, పక్కింటివాళ్ల నంబరు, మందుల జాబితా అంటించండి. మళ్లీ మూతి వంకర తిరిగినా, మాట తడబడినా, కొత్తగా చెయ్యి వాలిపోయినా టైము రాసుకుని వెంటనే 108కి చేయాలని ఆ మనిషికి నేర్పండి. రక్తం గడ్డ కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇస్తారు, మీకు ఫోన్ చేసి అడిగేదాకా ఆగితే ఆ సమయం పోతుంది.

మనిషి నిలబడాలంటే చేయాల్సినవి చిన్నవే. ఇంట్లో వండిందే వేడిగా, కడుపునిండా పెట్టాలి. విడిగా కంచం, విడిగా గ్లాసు పెట్టి గుమ్మం దగ్గర కూర్చోబెడితే ఎవరూ ఉండరు, ఉండకూడదు కూడా. పడుకోవడానికి మంచమో పరుపో, ఫ్యాను ఉండాలి. వచ్చినరోజే పనుల జాబితా ఇచ్చి, అందులో లేనివి అడగకూడదు. చుట్టాలు వచ్చినప్పుడు టీలు పెట్టించడం, ఇల్లు తుడిపించడం మొదలైతే నాన్నగారిని తిప్పే వేళ తప్పుతుంది.

మొదటి మూడు రోజులు చెల్లెలు తప్పకుండా ఇంట్లో ఉండాలి, వాటిలో ఒక రాత్రి మేలుకుని చూడాలి. పదో రోజున అమ్మగారితో ఆ మనిషి లేనప్పుడు మాట్లాడి, ఆయనకు ఎదురుగా చెప్పలేనివి ఏమైనా ఉన్నాయా అని అడగండి. అలాగే సంక్రాంతికీ దసరాకూ ఈ పని చేసేవాళ్లలో చాలామంది ఊరెళతారు, ఆ వారంలో ఏజెన్సీల దగ్గర కూడా మనుషులుండరు. పండుగకు నెల ముందే తేదీలు అడిగి, మారుమనిషిని మాట్లాడి, పాత మనిషి వెళ్లకముందు ఒక పూర్తి రోజు, ఒక రాత్రి ఇద్దరూ కలిసి పనిచేసేలా చూడండి. ఆ ఒక్క రోజుకు రెండు జీతాలు ఇవ్వాల్సి వస్తుంది, ఇవ్వండి.